నాలుగు మిల్లీమీటర్ల తేడా

బీరయ్యకు గిటారు వాయించడం రాదు. ముప్పై ఏళ్ళకు పైగా గిటార్లు బాగుచేస్తున్నాడు గానీ, ఆరు తీగలూ వరసగా మీటి సరిగా పలుకుతున్నాయో లేదో వినడం తప్ప ఇంకేమీ నేర్చుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళతో, "కుర్చీలు చేసెటోడు కుర్చీల కూసుంటే పనెట్లయితది?" అనేవాడు.

అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో, ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణం పక్క మెట్ల కింద ఉంది అతని కొట్టు. నిలబడితే తలకు మెట్లు తగులుతాయి కనక వచ్చినవాళ్ళంతా కూర్చునే మాట్లాడతారు. అందువల్ల అక్కడ గొడవలు తక్కువ.

అతని తండ్రి జనగామ దగ్గరి పల్లెలో కూలిపని చేసేవాడు. తీరిక దొరికినప్పుడు ఊళ్ళోవాళ్ళ గొడ్డళ్ళకూ పారలకూ కామలు, అంటే కర్ర పిడులు, చెక్కేవాడు. ఎవరి కామ వాళ్ళ పిడికిలి చూసి చెక్కాలన్నది ఆయన పద్ధతి. బీరయ్య చేతికి ఆ చూపు అక్కడే అబ్బింది.

కిందటేడు వానాకాలంలో, ఒకే వారంలో రెండు ఎర్ర ఎలక్ట్రిక్ గిటార్లు అతని దగ్గరికి మరమ్మతుకు వచ్చాయి. ఒకటి బుచ్చిబాబుది, రెండోది ఆయన చెల్లెలు సుబ్బరత్నానిది. అన్నకు డెబ్భై రెండు, చెల్లెలికి అరవై తొమ్మిది. ఇద్దరూ హిమాయత్‌నగర్‌లో రెండు సందుల తేడాలో ఉంటారు. వాళ్ళ నాన్న 1956లో కాకినాడ నుంచి ప్రభుత్వోద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఓడలో పనిచేసే మేనమామ 1967లో జపాను నుంచి ఈ గిటార్లు తెచ్చాడు. ఒకే కంపెనీ, ఒకే మోడలు, ఒకే ఎరుపు. పిల్లలు కొట్టుకోకూడదని అలా తెచ్చాడు.

బుచ్చిబాబు రెండూ పట్టుకు చూసి, ఎడమచేత్తో పట్టుకునే నెక్ సన్నగా ఉన్నది తను ఉంచుకుని, లావుగా ఉన్నది చెల్లెలికిచ్చాడు.

"ఇది రోకలి. నువ్వు పట్టుకో. వంటింట్లోకి కూడా పనికొస్తుంది" అన్నాడు.

పన్నెండేళ్ళ పిల్ల ఆ రోకలి మీదే నేర్చుకుంది. తరవాత బుచ్చిబాబు అబిడ్స్ హోటళ్ళలో బ్యాండు వాళ్ళతో వాయించి కాస్త పేరు తెచ్చుకున్నాడు. సుబ్బరత్నం గన్‌ఫౌండ్రీలో ఒక బ్యాంకులో చేరి, ఏడాదికోసారి స్టాఫ్ క్లబ్బు వార్షికోత్సవంలో వాయించేది. ఇద్దరిలో ఎవరు బాగా వాయిస్తారో బీరయ్యకు తెలుసు. ఎవరూ అడగలేదు కనక చెప్పలేదు.

బీరయ్య రెండు నెక్‌లనూ కాలిపర్‌తో కొలిచాడు. నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లలో మొదటిదాని దగ్గర అన్నది ఇరవై ఒక్క మిల్లీమీటర్లు, చెల్లెలిది ఇరవై అయిదు. ఒకే ఫ్యాక్టరీలో చేసిన వాటికి ఇంత తేడా ఏమిటని సుబ్బరత్నం అడిగితే, ఆ కాలంలో చివరి చెక్కుడంతా చేత్తోనే చేసేవాళ్ళని చెప్పాడు.

"ఒగడు పొద్దుగాల గీకిండమ్మా, ఇంకొగడు ఇంటికి పొయ్యే యాళ్లకు గీకిండు. గంతే."

మూడో రోజు బుచ్చిబాబు ఒక్కడే వచ్చాడు. స్టూలు మీద కూర్చుని, వీధి వైపు ఓసారి చూశాడు.

"బీరయ్యా, ఓ చిన్న పనుందోయ్. మా చెల్లెలి నెక్ తీసి నా గిటారుకి పెట్టు. నాది దానికి పెట్టు. నాలుగు స్క్రూలేగా."

"అమ్మకు చెప్పిన్రా సార్?"

"చెప్పేదైతే నీ దగ్గరికెందుకొస్తాను?"

సంగతేమిటంటే, ఏడాదిగా ఆయనకు ఎడమచేతి బొటనవేలి మొదట్లో కీలునొప్పి. పది నిమిషాలు వాయిస్తే చెయ్యి పట్టేస్తోంది. ఒకరోజు చెల్లెలింటికి వెళ్ళినప్పుడు, ఆమె లోపల కాఫీ కలుపుతుండగా ఊరికే ఆ రోకలి తీసి వాయించాడు. కాఫీ వచ్చింది, చల్లారింది, ఆయన ఆపలేదు. వేలు నొప్పెట్టలేదు.

"యాభై ఏడేళ్ళు రోకలన్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను?" అన్నాడు బుచ్చిబాబు.

బీరయ్య, "సూస్త సార్" అన్నాడు. ఆలోచిస్తానని అతని ఉద్దేశం. బుచ్చిబాబు దాన్ని సరేనన్నట్టు తీసుకుని, భుజం తట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు బీరయ్య ఆ నాలుగు స్క్రూలూ రెండుసార్లు విప్పి, రెండుసార్లు బిగించాడు. పని కష్టమేం కాదు. కానీ ఇన్నేళ్ళలో ఎవరి వస్తువూ వాళ్ళకు తెలియకుండా మార్చలేదు. మధ్యాహ్నం సుబ్బరత్నం గిటారు కోసం రాగానే, కూర్చోమని మంచినీళ్ళిచ్చి, జరిగిందంతా చెప్పేశాడు.

ఆమె నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది.

"దాని నెక్ దీనికి సరిపోతుందా బీరయ్యగారూ?"

"అచ్చంగ సరిపోతదమ్మా."

"అయితే మార్చెయ్యండి. నాకు తెలుసని మాత్రం అన్నయ్యకి చెప్పకండి."

"మరి మీకెట్ల?"

"నాది చిన్న చెయ్యి. నీకు సన్నదే నయమని చిన్నప్పట్నుంచీ అందరూ అంటూనే ఉన్నారు. చూద్దాం."

బీరయ్య ఆ లావు నెక్ విప్పే ముందు, అట్టముక్కలు కత్తిరించి అయిదు చోట్ల దాని వంపు తీసి పెట్టుకున్నాడు. మంచి వస్తువు చెయ్యి దాటేటప్పుడు అలా చేయడం అతనికి అలవాటు. తరవాత మార్చేశాడు.

బుచ్చిబాబు చెయ్యి కుదుటపడింది. హిమాయత్‌నగర్‌లో ఒక హోమియో డాక్టరిచ్చిన గుళికలతో తగ్గిందని అందరికీ చెప్పాడు. చెల్లెలికీ చెప్పాడు. ఆమె ఆ మందు పేరు కాగితం మీద రాసుకుంది.

దసరా వెళ్ళాక సుబ్బరత్నం గిటారు పట్టుకుని మళ్ళీ వచ్చింది. తీగలు ఎత్తుగా ఉన్నట్టున్నాయి, కాస్త దించమంది. బీరయ్య చూశాడు. తీగలు ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి.

"జర వాయించున్రి అమ్మా."

ఆమె వాయించింది. నాలుగో నిమిషంలో ఆపి, ఎడమ అరచెయ్యి కుడిచేత్తో నొక్కుకుంది.

"ఎప్పటి సంది?"

"మార్చిన వారం నుంచీ. ఇప్పుడు రోజూ వాయించడం లేదు."

బీరయ్య గిటారు అందుకుని వెనక్కి తిప్పాడు. స్క్రూలు బిగించింది తన చెయ్యే.

"పార కామ సన్నగుంటే ఏమయితది? పిడికిలి గట్టిగ బిగవట్టాలె. దినమంత బిగవడితే చెయ్యి గుంజుతది. అరచెయ్యి నిండితేనే వేళ్ళు అలకగ, తేలిగ్గ ఉంటయి" అన్నాడు.

"మరి చిన్న చేతికి సన్నదే మంచిదన్నారే అందరూ?"

"అనేది నోరమ్మా. నొచ్చేది చెయ్యి."

అన్నయ్య నుంచి తిరిగి తీసుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు. అయితే కొత్తది చేస్తానన్నాడు బీరయ్య. సుల్తాన్ బజార్‌లో కూల్చేసిన ఒక పాత ఇంటి టేకు దూలం ముక్క అతని దగ్గర పదేళ్ళుగా ఎండుతోంది. దాన్ని కోశాడు. లోపల ఇనుపకడ్డీ పెట్టాడు. అట్టముక్కలు అడ్డం పెట్టుకుని చెక్కాడు. పదకొండు రోజులు పట్టింది. మధ్యలో మూడుసార్లు సుబ్బరత్నాన్ని పిలిచి, కళ్ళు మూసుకుని పట్టుకు చూడమన్నాడు. మూడోసారి, "ఇక్కడ ఆగండి" అందామె. కొలిచి చూస్తే పాతదానికన్నా అర మిల్లీమీటరు లావుంది. బీరయ్య ఇక ఉలి ముట్టలేదు.

ఆ నెక్ బిగించిన రోజు సుబ్బరత్నం కొట్లో కూర్చుని వాయిస్తోంది. సరిగ్గా అప్పుడే బుచ్చిబాబు తీగల కోసం వచ్చాడు. వంగి లోపలికొచ్చి, కూర్చుని విన్నాడు. పాట అయ్యాక గిటారు అందుకున్నాడు. ఎడమచెయ్యి నెక్ చుట్టూ పడగానే ఆయన మొహం మారిపోయింది.

"ఇది నా దానికన్నా లావుందే?"

"అర మిల్లీమీటరు సార్" అన్నాడు బీరయ్య.

అన్నాక నాలిక కరుచుకున్నాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. యాభై ఏడేళ్ళుగా సన్న నెక్కే వాయిస్తున్నానని లోకమంతటికీ చెప్పుకున్న మనిషి, ఇప్పుడు లావు నెక్ వాయిస్తున్నాడని చెల్లెలి ముందే తేలిపోయింది. సన్నదే అయితే తేడా నాలుగున్నర ఉండాలి.

బుచ్చిబాబు చెల్లెలి వైపు చూశాడు. "నీకు తెలుసా?"

"తెలుసన్నయ్యా."

"ఎప్పట్నుంచి?"

"మార్చమన్నది నేనే."

పైన మెట్ల మీద ఎవరో దిగుతున్న చప్పుడు మొదలై, కిందిదాకా వచ్చి ఆగింది. బుచ్చిబాబు గిటారు ఒళ్ళో పెట్టుకుని, దాని అంచు మీద లేని దుమ్ము తుడిచాడు.

"మరి ఆ హోమియో మందు పేరు రాసుకున్నావు?"

"నువ్వంత వివరంగా చెబుతుంటే రాసుకోకపోతే బాగుండదని."

బుచ్చిబాబు తుడవడం ఆపి, "నీది నీకిచ్చేస్తాను రత్నం. ఇది నాకివ్వు" అన్నాడు.

"వద్దు. దానికన్నా నాకిదే బాగుంది."

"అది రోకలి కాదు. తప్పుగా అన్నాను" అన్నాడు బుచ్చిబాబు. ఆయన బీరయ్య వైపు చూస్తూ అన్నాడు గానీ ఎవరితో అన్నాడో ముగ్గురికీ తెలుసు. సుబ్బరత్నం తల ఊపి, గిటారు తిరిగి తీసుకుని, ఇంకో పాట మొదలుపెట్టింది. అన్న ఆ పూట తీగలు కొనుక్కోవడం మరిచిపోయాడు.

ఇక మిగిలింది చెల్లెలి గిటారు నుంచి విప్పిన ఆ సన్న నెక్. ఎవరు తీసుకుపోతారని బీరయ్య అడిగితే అది చెల్లెలిదని బుచ్చిబాబు అన్నాడు, అన్నయ్యదని సుబ్బరత్నం అంది. రెండు వారాలు చూసి, బీరయ్య దాన్ని పాత న్యూస్‌పేపర్లో చుట్టి అటక మీద పెట్టాడు. పైన ఎవరి పేరు రాయాలో తెలియక, కొలత ఇరవై ఒకటి అని రాశాడు.