కులాసా అడిగిన మెయిలు

కార్ఖానాలో అట్ట కోసే యంత్రం అప్పుడే మొదలైంది. చిన్నగుమాస్తా జేబురుమాలుతో కీబోర్డు తుడుస్తున్నాడు. ఎంత తుడిచినా అంతే, మధ్యాహ్నానికల్లా గోధుమరంగు నలుసు మళ్ళీ అక్షరాల సందుల్లోకి చేరుతుంది. అయినా తుడవందే ఆయనకు చేయి ఆడదు. తుడిచి, పొట్ట మీద ఒక చేయి ఆనించుకుని, కుర్చీలోకి మెల్లగా దిగాడు. ఆపరేషన్ కుట్లు విప్పారన్న మాటే గాని, ఒళ్ళు ఇంకా ఒప్పుకోవడం లేదు.

ఆయన్ని చిన్నగుమాస్తా అనడానికి వయసుతో పనిలేదు. పనిలో చేరిన రోజుల్లో పైన పెద్దగుమాస్తా ఒకాయన ఉండేవాడు. ఆయన కాలం చేసి ఎన్నేళ్ళో అయింది, ఆయన కుర్చీ కూడా విరిగి పాతసామాన్లలోకి పోయింది. ఈయన జుట్టు నెరిసింది, పళ్ళు కదిలాయి, ‘చిన్న’ మాత్రం వదల్లేదు. ఆయన్ని పెద్దవాణ్ణి చేయాలని ఎవరికీ తోచలేదు. తానుగా అడిగే నోరు ఆయనకు లేదు.

పొద్దున గడప దాటబోతుంటే భార్య ఉండబట్టలేక అననే అంది.

“ఆసుపత్రిలో అన్నాళ్ళు పడుకున్నారు కదా. మీ యజమాని ఒక్క ఫోన్ చేశాడా, ఉన్నావా పోయావా అని?”

“ఆయనకు సవాలక్ష పనులు.”

“నాకూ ఉన్నాయి పనులు. అయినా పక్కింటి పిల్లి కనపడకపోతే అడుగుతాను.”

ఆయన చెప్పులు తొడుక్కుంటూ నవ్వాడు. నవ్వితే పొట్ట లాగింది. బస్సెక్కాక కూడా ఆ మాట మనసులోంచి పోలేదు.

యజమాని చెడ్డవాడని కాదు. జీతం ఆపడు, బూతులు తిట్టడు. మాట ఖర్చు పెట్టడు, అంతే. పక్కగదిలో కూర్చునే మెయిలు పంపుతాడు. అందులో పలకరింపు ఉండదు, సంతకం ఉండదు, ఒట్టి ఫైలు. ఇదేమిటండీ అని ఎవరైనా ఆ గది తలుపు తీస్తే, “పంపింది నేనే కదా, మళ్ళీ అడగడమేమిటి?” అంటాడు. ఒకసారి ఆ మాట పడ్డవాడు రెండోసారి ఆ తలుపు జోలికి పోడు. దాంతో ఆఫీసులో ఒక అలవాటు స్థిరపడిపోయింది. యజమాని పేరుతో ఏది వచ్చినా ముందు తెరవాలి, అడగకూడదు.

ఆ రోజు కార్ఖానా వాళ్ళకు జీతాలు వేసే రోజు. కంప్యూటర్ తెరిస్తే అన్నిటికన్నా పైన యజమాని పేరుతో మెయిలు కనిపించింది.

‘మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. బిల్లు జతచేశాను. వీలు చూసుకుని దయచేసి పరిశీలించండి.’

చిన్నగుమాస్తా కళ్ళజోడు తీసి, తుడిచి, మరోసారి చదివాడు. మీరు అన్నాడు. కులాసా అన్నాడు. వీలు చూసుకోమన్నాడు. ఇది ఆయన రాసే తీరు కాదే అన్న ఆలోచన రాకపోలేదు. వచ్చింది, గుమ్మంలో నిలబడింది, ఈయనే లోపలికి రమ్మనలేదు. మనిషన్నాక మారడా? తను లేని రోజుల్లో తన విలువ తెలిసివచ్చిందేమో. అలా అనుకున్నాక ప్రాణానికి ఎంత హాయిగా ఉందో.

ఫైలు తెరవబోతే, అనుమతి ఇస్తావా అని తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. ఇచ్చాడు. ఖాళీ పేజీ. బిల్లు సరిగా ఎక్కలేదు కాబోలు, యజమానికి ఈ కంప్యూటర్లు ఒక పట్టాన లొంగవు. ఎప్పటిలాగే వెళ్ళి అడగలేదు. ఇంటికి ఫోన్ చేశాడు.

“ఇదిగో, అడిగాడు.”

“ఎవరు?”

“యజమాని. కులాసాగా ఉన్నారా అని రాశాడు. మీరు అని రాశాడు.”

అవతల కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది. “పోన్లెండి,” అంది భార్య, గొంతు మెత్తబడి. “మనిషే అయితే. ఊరికే ఆడిపోసుకున్నాను.”

ఇంతలో టీ ఆవిడ వచ్చి గ్లాసు పెట్టి వెళ్ళింది. ఆ గ్లాసుకు ఒక మూత ఉంది. ఎప్పుడో కార్ఖానాలో మిగిలిన అట్టను గుండ్రంగా కోసి, పైన చిన్న పిడి అంటించి ఆయనే చేసుకున్నాడు. పని మధ్యలో ఆపి తాగలేడు, చల్లారితే మింగుడుపడదు. దాన్ని చిన్నగుమాస్తాగారి కిరీటం అని అందరూ ఆటపట్టిస్తారు. ఆ పూట మాత్రం ఆయన మూత పెట్టలేదు. తెర మీద ఆ మెయిలు చూసుకుంటూ, వేడివేడిగా, తీరిగ్గా తాగాడు.

మధ్యాహ్నం బ్యాంకు పేజీ తెరిచి జీతాలు పంపబోయాడు. ఫోనుకు వచ్చిన ఓటీపీ కొడితే మళ్ళీ అడిగింది. మళ్ళీ వచ్చింది కొట్టాడు. పేజీ కదలకుండా అలాగే ఉండిపోయింది. కాసేపటికి బ్యాంకు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది.

“మీ ఖాతాలోంచి ఎవరెవరికో డబ్బు వెళ్తోందండీ. మీరే పంపుతున్నారా?”

ఆమె ఆపించేలోపే జీతాల డబ్బంతా ఊడ్చుకుపోయింది.

బ్యాంకు తరఫున కంప్యూటర్లు చూసే ఆయన వచ్చాడు. చిన్నగుమాస్తా కుర్చీలో కూర్చుని అటూ ఇటూ వెతికి, పొద్దుటి మెయిలు దగ్గర ఆగాడు. యజమాని వెనక నిలబడి చూస్తున్నాడు.

“ఇదేనండీ. పైన మీ పేరు తగిలించారంతే, పంపింది ఇంకెవరో. ఫైలు తెరవగానే ఒక దొంగ ప్రోగ్రాం ఈ కంప్యూటర్లో దాక్కుని, బ్యాంకు పేజీలో ఏం కొడితే అది వాళ్ళకి చేరవేస్తుంది. ఇదే మెయిలు ఇవాళ వేల ఆఫీసులకి వెళ్ళింది.”

“ఇవే మాటలా?” అన్నాడు చిన్నగుమాస్తా. “కులాసా కూడానా?”

“అక్షరం తేడా లేదండి.”

డబ్బు పోయిందన్నప్పుడు ఆయనకు భయమేసింది. ఈ మాటకు మాత్రం సిగ్గు ముంచుకొచ్చింది. ఎక్కడ చూడాలో తెలియక తన చెప్పుల వైపు చూశాడు.

“అనుమానం రాలేదా నీకు?” అన్నాడు యజమాని. “ఇన్నేళ్ళలో నేనెప్పుడైనా నిన్ను కులాసా అడిగానా?”

అని, ఆగిపోయాడు. తన మాట తనకే వినబడినట్టుంది.

“లేదండి,” అన్నాడు చిన్నగుమాస్తా. “అందుకే తెరిచాను.”

బ్యాంకాయన తెర వైపు ముఖం తిప్పుకున్నాడు. యజమాని, జీతాలకు బయట ఎక్కడైనా చూస్తానని, నాలుగు రోజులు ఓపిక పట్టమని పనివాళ్ళకు చెప్పమన్నాడు. చిన్నగుమాస్తా కార్ఖానాలోకి వెళ్ళి, యంత్రం ఆపించి, తనే చెప్పాడు. తప్పు తనదేనని కూడా చెప్పాడు. జిగురు పూసే ఆవిడ కొంగుకు చేతులు తుడుచుకుంటూ, “మీరా?” అంది. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు. నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

తిరిగి వచ్చి బీరువా తాళాలు యజమాని బల్ల మీద పెట్టాడు.

“నేను పొమ్మనలేదు నిన్ను,” అన్నాడు యజమాని.

“తెలుసండి. ఇక నా వల్ల కాదు.” తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. “ఒక్క మాట. పొద్దున మా ఆవిడకి చెప్పాను, మీరు నన్ను అడిగారని. ఎప్పుడైనా ఎదురుపడితే కాదనకండి.”

యజమాని నోరు తెరిచాడు. ఆపరేషన్ గురించి అడుగుదామనే కావచ్చు. ఇన్నేళ్ళ అలవాటు, మాట పెగల్లేదు. చిన్నగుమాస్తా కూడా దానికోసం ఆగలేదు. పొట్ట మీద చేయి ఆనించుకుని, ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయాడు.

సాయంత్రం టీ ఆవిడ వేళకు వచ్చింది. కుర్చీ ఖాళీగా ఉంటే, పనిమీద ఎటో వెళ్ళాడనుకుంది. గ్లాసు బల్ల మీద పెట్టి, చల్లారిపోతుందని, మరకలు పడిన ఆ అట్టమూత తీసి పైన పెట్టింది. ఆఫీసులో లైట్లు ఆర్పే వేళకు కూడా ఆ మూత గ్లాసు మీద అలాగే ఉంది.