ప్రిమో పళ్లెంలోని బిళ్ల

ఆ రోజు సీసా మూత బిగించకుండానే వెళ్లిపోయాడు ప్రిమో, విటమిన్ సి బిళ్ల భార్య విసితా అరచేతిలో పెట్టి, మింగు టీచరమ్మా, బడికి ఆలస్యమవుతోంది అని తొందరపెట్టి, తన బిళ్ల మాత్రం బల్ల మీద మరిచిపోయి వెల్లుల్లి మడికి నడిచాడు, పది గంటలకు గట్టు మీద ఆయన గుండె ఆగినప్పుడు తను నాలుగో తరగతికి భిన్నాలు చెబుతోంది, అప్పటి నుంచి ఆ మూతను ఊరికే పైన ఆనిస్తోందే తప్ప తిప్పి బిగించలేదు, చేతులు మళ్లీ దురద, గోకకూడదు, మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రని దద్దుర్లు, ముందు ఆయన పళ్లెం తీయాలి, పొద్దు వాలిపోతోంది.

అన్నం, ఎండుచేప, కాఫీ, వాటి పక్కన మొదటి రోజు ఆయన మరిచిపోయిన బిళ్ల, తర్వాత సీసాలోంచి రోజుకొకటి, పోయినవారికి రోజూ పొద్దున పెట్టే పళ్లెంలో అదీ పెడుతుంటే, చచ్చినవాడికి జలుబు చేస్తుందటే అని ప్రిమో అక్క, తను మనాంగ్ అని పిలిచే పాసింగ్, నవ్వబోయి ఏడ్చింది, ఆ పళ్లెంలోది పారేయకూడదు, సాయంత్రం ఇంటివాళ్లే తినాలి, ఇంట్లో ఇంకెవరున్నారు, అందుకే పొద్దున తన బిళ్ల, సాయంత్రం ఆయనది, ముప్పై నాలుగు రోజులుగా.

శవం ఇంట్లో ఉండగా చీపురు పట్టావు, వద్దంటే విన్నావా, ఇప్పుడు గోక్కో అని తిడుతూనే పాసింగ్ జామాకులు కాచి, ఆ గోరువెచ్చని నీళ్లతో రెండు చేతులూ కడిగింది, మంటగా ఉందా, లేదు మనాంగ్, అబద్ధాలాడకు, పంతులమ్మవి, ఖననమయ్యాక తన చేతిని ఒకరు పట్టుకోవడం అదే మొదలు, రెండోసారి ఇవాళ బడి నర్సు లూర్దిత, ఒకప్పుడు తన తరగతిలో మొదటి బల్ల పిల్ల, మేడమ్, మందులేమైనా వేసుకుంటున్నారా, విటమిన్ సి, రోజుకెన్ని, రెండు, రెండెందుకు మేడమ్, ఒకటి ప్రిమోది, ఆ పిల్ల నవ్వలేదు, చేయి వదలనూ లేదు, దీనివల్లేనని గట్టిగా చెప్పలేను మేడమ్, కొందరికి పడక దద్దుర్లు వస్తాయి, వారం పాటు రెండూ ఆపి చూద్దాం, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను, సారు వాటా సారుకే వదిలేయండి.

వదిలేస్తే ఆయన ఇస్తున్న చివరిది కూడా ఆగిపోతుందే అని దారంతా భయం, అయినా ఈ దద్దుర్లే లేకపోతే జామాకుల నీళ్లు ఎక్కడివి, లూర్దిత వేళ్లు ఎక్కడివి, దేవుడు నీకు మేలు చేయాలి అని లూర్దితకు చెప్పింది, పాసింగ్‌కి చెప్పింది, మునగాకు తెచ్చిచ్చిన పొరుగామెకూ చెప్పింది, ఎవరైనా ఏదైనా ఇస్తే ఏమనాలి పిల్లలూ అని ఏటేటా నేర్పిన మాటే, నోరు దానంతట అదే అంటుంది, మరి ఇరవై ఆరేళ్లుగా రోజూ పొద్దున ఆయన ముందు అరచేయి చాపి, గడియారం వైపు చూస్తూ, నీళ్లేవీ అని మాత్రమే అడిగింది, చన్నీళ్లు వద్దని ఆయన గోరువెచ్చనివి తెచ్చేవాడు, ఆయన బిళ్ల మింగితే ఆయన ఇచ్చినట్టవుతుందా, తనకు ఇవ్వవలసింది ఆయన రోజూ ఇచ్చే వెళ్లాడు, బాకీ పడినది తనే.

విసితా చల్లారిన అన్నం, చేప తిన్నది, కాఫీ తాగింది, బిళ్లను పళ్లెంలోనే ఉంచి, సీసా మూత గట్టిగా తిప్పి బిగించింది. దేవుడు నీకు మేలు చేయాలి అన్న ఆ మాట ప్రిమోకి ఇంకా చెప్పలేదు.