యాభై మూడు నిమిషాలు

పెళ్లయి ముప్పై ఆరు రోజులైన కొత్త కోడలు ఆ ఉదయం ఆరింటికే వంటింటి బల్ల మీద నూట పద్నాలుగు పేజీల టెండరు ఫైలు పరుచుకుని కూర్చుంది. ప్రతి పేజీకీ అడుగున సంతకం, పక్కన సొసైటీ ముద్ర పడాలి. ముద్ర వేయడమంటే ఆమెకు చెప్పలేనంత సరదా. సిరా పెట్టెలో ఒకసారి, కాగితం మీద ఒకసారి ఒత్తి తీయగానే గుండ్రటి నీలి చందమామ. ఒక ఫైల్లో నూట పద్నాలుగు చందమామలు! టెండరంటే ఇంత బాగుంటుందని కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

ఇన్నేళ్లూ ప్రభుత్వమే నడిపిన తొమ్మిదో నంబరు బస్సును ఇకమీదట కాంట్రాక్టుకు ఇస్తామని రవాణా కార్యాలయం ప్రకటించింది. ఎవరు తక్కువ ధరకు ఒప్పుకుంటే రూటు వాళ్లది. ఆ రూటు మీద పనిచేసే ముప్పై రెండు మంది డ్రైవర్లు, కండక్టర్లు కూడబలుక్కుని సొసైటీ పెట్టుకున్నారు. మా బస్సు మేమే నడుపుకుంటామని టెండరు వేస్తున్నారు. రూటు పోతే ముప్పై రెండు ఇళ్లకూ పని పోతుంది. అందులో ఈ ఇంట్లోనే ఇద్దరు. కొత్త పెళ్లికొడుకు డ్రైవరు, వాళ్లమ్మ అదే బస్సులో కండక్టరు. అత్తగారిని డిపో అంతా విజిలమ్మ అంటుంది. కోడలికి కామర్స్ డిగ్రీ ఉంది గనుక ఫైలు పని ఆమె నెత్తిన పడింది.

పదకొండు గంటలకల్లా కవర్లు కార్యాలయంలోని పెట్టెలో పడాలి. అరవై రెండో పేజీ దగ్గర ఆమె చేతిలోని ముద్ర గాలిలోనే ఆగిపోయింది.

"అత్తయ్యా, ఇక్కడ ప్రయాణ సమయం నలభై ఒక్క నిమిషాలు కదా? మీరు యాభై మూడు వేశారేంటి?"

స్టాపులన్నీ కంఠతా వచ్చుగదా అని ఆ ఒక్క పట్టిక అత్తగారికి అప్పజెప్పింది. విజిలమ్మ జడ చుట్టుకుంటూ వచ్చి తొంగిచూసింది.

"యాభై మూడు పడుతుంది. అందుకే వేశా."

"వాళ్ల కాగితంలో నలభై ఒకటని అచ్చేశారు. మనం అదే దించాలి."

"అచ్చేసినాయన ఎప్పుడైనా మన బస్సెక్కాడా?"

ఒక చెంప గీసుకుని, రెండో చెంప మీద నురగతో డ్రైవరు బయటికొచ్చాడు. "అమ్మా, నిజాలు రాయడానికి అదేమన్నా వాంగ్మూలమా? టెండరు! వాళ్లకి కావలసింది వాళ్లకి రాసిచ్చేద్దాం. రూటు మన చేతికొచ్చాక మన బస్సు మనం నడుపుకుందాం."

"నడుపుతావులే. ఆలస్యమైన ప్రతి ట్రిప్పుకీ జరిమానా అని ఈ పిల్లే కదా చదివి వినిపించింది? నలభై ఒకటికి చేర్చాలంటే ఏ స్టాపు ఎగ్గొడతావో ఇప్పుడే చెప్పు. ఆసుపత్రా?"

డ్రైవరు రెండో చెంప గీసుకోవడమే మరిచిపోయాడు. చెంప మీద నురగ ఎండిపోతోంది.

తొమ్మిదో నంబరు మెయిన్ రోడ్డు వదిలి పెద్దాసుపత్రి లోపలిదాకా వెళ్తుంది. రక్తం శుద్ధి చేయించుకుని నీరసంగా బయటికొచ్చేవాళ్లు అక్కడ మెట్ల మీద కూర్చుని ఉంటారు. విజిలమ్మ దిగి, ఒక్కొక్కరినీ చెయ్యిపట్టి ఎక్కిస్తుంది. వాళ్లు కూర్చున్నాకే విజిలు. ఇరవై ఆరేళ్లుగా ఇంతే.

కోడలు కలం తీసింది. తప్పు కొట్టేసి, పక్కన సరైన అంకె వేసి, సంతకం పెడితే చాలు, దిద్దుబాటు చెల్లుతుంది. అరనిమిషం పని. అయితే ఇందులో తప్పంటూ ఉంటే అది అత్తగారి అంకెలో లేదు. కలానికి మూత పెట్టేసి, యాభై మూడు పక్కనే ఠక్కున ముద్ర వేసింది.

"ఇలాగే పెడుతున్నా."

"మొదటి కవరు చూసి ఇంటికి పొమ్మంటారు!" అన్నాడు డ్రైవరు.

"అననివ్వండి. నేనూ చూస్తా."

"అయిపోయాను. ఇంట్లో అమ్మ ఒక్కతే అనుకున్నా, ఇప్పుడు ఇద్దరు."

విజిలమ్మ మెడలోని విజిలు నోట పెట్టుకుని వంటింట్లోనే రెండుసార్లు ఊదింది. రెండు ఊదితే బస్సు కదలాలి. ఇంట్లో అయితే కొడుకు కదలాలి.

*

టెండర్లు తెరిచే గదిలో మూడు ఫ్యాన్లున్నాయి, ఒకటే తిరుగుతోంది. దాని కింద అధికారి. ఆయనకు ఎదురుగా పెద్ద కంపెనీ తరఫున వచ్చిన మనిషి. ఆ ఉక్కలోనూ కోటు విప్పలేదు గనుక కోడలు లోలోపల ఆయనకు కోటుబాబు అని పేరు పెట్టేసుకుంది. అటెండరు రెండు తాళాలు తీసి, పెట్టెలోని కవర్లు బల్ల మీద పోశాడు. ఒక్కొక్కరివి రెండేసి కవర్లు. మొదటిదాంట్లో బస్సుల వివరాలు, రెండోదాంట్లో ధర. మొదటిది నెగ్గితేనే రెండోది విప్పుతారు.

అధికారి సొసైటీ ఫైలు తిప్పుతూ అరవై రెండో పేజీ దగ్గర కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇదేంటమ్మా? యాభై మూడా?"

"అవును సార్."

"షరతు నలభై ఒకటి. షరతు మారిస్తే టెండరు చెల్లదు. తిరస్కరిస్తున్నాం. అటెండర్, ఆవిడ ధర కవరు ఆవిడకిచ్చేయ్."

అటెండరు లక్క ముద్ర చెదరని కవరు తెచ్చి చాపాడు. కోడలు రెండు చేతులూ వెనక్కి కట్టేసుకుంది.

"తీసుకోమ్మా," అన్నాడు అటెండరు జాలిగా.

"తీసుకోను. సార్, నలభై ఒకటని ఎవరు లెక్క కట్టారు?"

"కంప్యూటర్లో మ్యాపు మీద దూరం కొలిచి కట్టారు. మేం నోటికొచ్చినట్టు వేస్తామా?"

"ఈ గదిలో తొమ్మిదో నంబరు ఎక్కినవాళ్లు ఎవరున్నారు సార్?"

అధికారి కోటుబాబు వైపు చూశాడు, కోటుబాబు ఫ్యాను వైపు చూశాడు. చివరికి అటెండరు కవరు పట్టుకున్న చేతినే కొంచెం పైకెత్తాడు. "నేను రోజూ దాంట్లోనే వస్తా సార్." కోటుబాబు పకపకా నవ్వాడు.

కోడలు తన దగ్గరున్న ఫైలు నకలు విప్పింది. "ఇరవై ఏడో షరతు సార్. వివరాల మీద అనుమానముంటే, అధికారి అవసరమనుకున్నప్పుడు స్వయంగా రూటు మీద పరిశీలించవచ్చు."

"అవసరమనుకున్నప్పుడు అని ఉంది. నేననుకోవడం లేదు."

"అయితే అనుకోవడం లేదని ఒక్క ముక్క రాసివ్వండి సార్. కింద సంతకం పెట్టి."

తిరిగే ఫ్యాను తిరుగుతూనే ఉంది. అధికారి కలం తీసుకున్నాడు, కాగితం జరుపుకున్నాడు, కోడలి మొహం చూశాడు, కాగితం చూశాడు. ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో ఆయన ఎన్నో మాటలు అని ఉంటాడు గానీ, అన్నవాటిలో రాసిచ్చినవి తక్కువ. కలం కింద పెట్టేశాడు.

"బస్సెప్పుడుంది?"

"పన్నెండూ అయిదుకి సార్. ఎదురుగా బస్టాండులోనే," అన్నాడు అటెండరు హుషారుగా.

కోటుబాబు లేచాడు. "సార్, ఆ డ్రైవరు ఈవిడ భర్తే! కావాలని నత్తనడక నడుపుతాడు."

"ఆయనతో నేను ఒక్క మాట మాట్లాడను, సైగ కూడా చెయ్యను. మీరూ రండి, నా పక్కనే కూర్చోండి," అంది కోడలు.

*

బస్సెక్కి అధికారి గడియారం చూసుకున్నాడు. పన్నెండూ అయిదు. అటెండరు కాగితం మీద వేసుకున్నాడు.

"టికెట్ సార్," విజిలమ్మ చెయ్యి చాపింది.

"నేను రవాణా శాఖ అధికారిని."

"సంతోషం సార్. పాసు చూపించండి."

పాసు లేదు. పర్సు తీశాడు, చిల్లర లేదు. ఆ జేబూ ఈ జేబూ తడిమాడు. అందరికీ టికెట్లిచ్చేదాకా విజిలమ్మ విజిలు ముట్టుకోదు. ఎట్టకేలకు చిల్లర దొరికింది, విజిలు మోగింది, బస్సు కదిలింది.

అప్పుడు మొదలైంది కోడలికి అసలు గుబులు. డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూశాడు. భార్య కనిపించగానే మొహం వెలిగిపోయింది. పక్కన అధికారి కనిపించగానే నిటారుగా కూర్చున్నాడు. ఇదేదో తనిఖీ అనుకున్నాడు పిచ్చి మారాజు! పెళ్లాం ముందు, పై అధికారి ముందు తన సత్తా చూపించుకోవాలని బస్సును పరుగెత్తించాడు. మార్కెట్టు దగ్గరికి ఎప్పటికంటే రెండు నిమిషాలు ముందే చేరారు.

కోటుబాబు ముసిముసి నవ్వు నవ్వుతున్నాడు. కోడలు పెదవులు బిగబట్టింది. 'నెమ్మదిగా' అని ఒక్క మాట అంటే చాలు. అంటే మోసం. అనకపోతే రూటు పోతుంది. ముప్పై ఆరు రోజుల్లో మొదటిసారి మొగుడి మీద పీకలదాకా కోపం వచ్చింది. ఆ కోపంలో కూడా, మలుపులో స్టీరింగు తిప్పుతున్న ఆ చేతులు ఎంత బాగున్నాయో గమనించకుండా ఉండలేకపోయింది.

రైల్వే గేటు పడి ఉంది. గూడ్సు బండి తాపీగా, పెట్టె వెంట పెట్టె వెళ్లింది.

"గేటు సమయం తీసెయ్యాలి సార్," అన్నాడు కోటుబాబు.

"దాన్నెవరు తీసేస్తారు బాబూ? రోజూ ఈ వేళకి పడుతుంది," అన్నాడు అటెండరు రాసుకుంటూ.

తర్వాత ఆసుపత్రి. మెట్ల మీద నలుగురున్నారు. విజిలమ్మ అధికారి ముందుకొచ్చి నిలబడింది. "సార్, లేవండి. అది వాళ్ల సీటు." ఆయన లేచాడు. ఆమె దిగి వెళ్లింది. ముగ్గురు ఎక్కారు. నాలుగో ఆవిడ మోచేతికి కట్టుతో రెండు మెట్లు దిగి, మూడో మెట్టు మీద చతికిలబడింది.

"ఇక్కడ ముప్పై సెకన్లకి మించి ఆగకూడదు," కోటుబాబు గొంతు పెంచాడు, ముందుకు వినపడేలా.

డ్రైవరు విన్నాడు. అద్దంలో అధికారిని చూశాడు. ఎదురుగా గడియారం చూశాడు. మెట్ల మీద ఆవిణ్ణి చూశాడు. 

అతను చెయ్యి చాపి ఇంజను కట్టేశాడు. బస్సంతా నిశ్శబ్దమైపోయింది. వెనక్కి తిరిగి, "తనిఖీ అయితే రాసుకోండి సార్," అన్నాడు. "ఆమె ఎక్కేదాకా ఇది కదలదు. జరిమానా వేస్తే వేసుకోండి. నా పేరు మీదే వేసుకోండి."

కోడలి కోపం ఎటు పోయిందో పోయింది. ఎదురు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుంది, లేకపోతే అందరి ముందూ లేచి చప్పట్లు కొట్టేసేదే. బస్సు మెట్లెక్కలేక ఆయాసపడుతున్న ఆవిడకు ఎవరో లోపలి నుంచి చెయ్యి అందించారు. చూస్తే అధికారి. సీటు పోయి తలుపు దగ్గరే నిలబడ్డాడు, మరి వేరే ఎవరందిస్తారు?

చివరి స్టాపులో అటెండరు లెక్క చూశాడు. "యాభై నాలుగు సార్."

కోటుబాబు ఎగిరి గంతేశాడు. "చూశారా! యాభై మూడూ తప్పే!"

"తప్పు కాదు నాయనా," అంది విజిలమ్మ. "ఆ ఒక్క నిమిషం సారు చిల్లర వెతుక్కున్నది."

బస్సంతా గొల్లుమంది. అధికారి పెదవుల మీదికీ నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. కాగితం మీది లెక్క మరోసారి చూసుకుని, "రాసుకో," అన్నాడు అటెండరుతో. "షరతులో సమయం తప్పు. ఈ టెండరు రద్దు. యాభై మూడు నిమిషాలతో మళ్లీ పిలుస్తాం. అందరి ధర కవర్లూ విప్పకుండా వెనక్కి." కోడలి వైపు తిరిగాడు. "గెలిచాననుకోకమ్మా. మళ్లీ వాళ్లే తక్కువ ధర వేస్తే రూటు వాళ్లదే."

"వెయ్యనివ్వండి సార్. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆగి, ఆమెను ఎక్కించుకుని, ఆ ధరకి నడపమనండి. మేమూ వేస్తాం. అప్పటిదాకా ఈ బస్సు మాదే."

అటెండరు సంచిలోంచి కవరు తీశాడు. ఈసారి ఆమె రెండు చేతులా అందుకుంది. లక్క ముద్ర చెక్కుచెదరలేదు.

అందరూ దిగాక డ్రైవరు తన సీట్లోంచి మెడ తిప్పాడు. "ఏంటోయ్ ఇదంతా? తనిఖీ కాదా? నేను బాగానే నడిపానా?"

"మార్కెట్టు దాకా మీ పీక పిసికేద్దామనుకున్నా."

"తర్వాత?"

"తర్వాత సంగతి ఇంటికెళ్లాక చెప్తా," అని ఆమె కిటికీ పక్క సీట్లో చేరగిలబడి కవరు ఒళ్లో పెట్టుకుంది. మళ్లీ నూట పద్నాలుగు ముద్రలు! తలుచుకుంటేనే హాయిగా ఉంది.

విజిలమ్మ ఎదురుగా వచ్చి చెయ్యి చాపింది.

"కోడలివైతే ఏంటి? టికెట్ తియ్యి."