ఎనభై దాటాక

రాతలో తప్పులుంటే మన్నించండి. అరవై దగ్గరపడ్డాక అక్షరాలు దిద్దినదాన్ని, నాది నత్తనడక. ఈ నాలుగు ముక్కలకే నెల పట్టింది.

ఆ లాండ్రీలో ఉన్నది ఇద్దరే, అత్తా కోడలూ. ఆసుపత్రి ఆపరేషన్ గదుల గుడ్డలు ఉతికి, ఆవిరిపెట్టి, మూటలు కట్టి, పొద్దున తొమ్మిదికల్లా చేర్చాలి. ఆ నెలలో అప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారైతే పని వేరేవాళ్ళకిస్తామని హెడ్ నర్సు మొహం మీదే చెప్పేసింది.

రెండుసార్లూ కారణం ఒకటే, వ్యాను చార్జింగు. డీజిల్ బాధ తప్పుతుందని కరెంటు వ్యాను కొన్నారు. ఇంటిగలాయన మీటరు గిర్రున తిరుగుతోందని ప్లగ్గుకు తాళం వేశాడు. ఇక బజారులోని చార్జింగు యంత్రాలే గతి.

ఆ రోజు ఏడున్నరకు చార్జింగు స్టేషన్ చేరేసరికి బ్యాటరీలో తొమ్మిది శాతం ఉంది. యంత్రాలు నాలుగు, పేరుకే. ఒకదాని తెర నల్లబడింది. ఒకదానికి ప్లాస్టరు చుట్టారు. ఇంకోదాని తీగ ఎవరో కోసుకుపోయారు. నాలుగోదానికి ఒక పెద్ద కారు జలగలా కరుచుకుని ఉంది. పక్కన చెత్తకుండీ పొంగి నేలంతా జిగట. అత్త చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దిగింది.

తెరమీద ఎనభై నాలుగు శాతం చూపిస్తోంది. ఎనభై దాకా గబగబా ఎక్కుతుంది, ఆ పైన చుక్కచుక్కగా కారుతుంది. అందుకని ఎనభై కాగానే బండికి తగిలించిన చార్జింగు గన్ను తీసి వెనకవాళ్ళకివ్వడం అక్కడి డ్రైవర్ల మర్యాద.

"అన్నా, ఎనభై దాటింది కదా. ఆసుపత్రి గుడ్డలున్నాయి. పావుగంట చాలు మాకు" అంది కోడలు.

కారులో చల్లగాలి పెట్టుకుని కూర్చున్న ఆసామి అద్దం నాలుగు వేళ్ళు దించాడు. "డబ్బు కట్టాను. నిండేదాకా కదలను." నములుతున్న గింజల తొక్కలు ఆమె కాళ్ళ దగ్గరే ఉమ్మాడు.

"నిండుతుందిలే నాయనా, కుండకు చిల్లు లేకపోతే" అంది అత్త. అద్దం పైకి లేచింది.

ఎనిమిదిన్నర దాటాక కదిలాడు. కోడలు గన్ను తగిలించి ఫోను తీసింది.

"ముందే ఐదువందలు వెయ్యాలట అత్తయ్యా."

"మొన్న వేసినవేవీ?"

"అవి వేరే కంపెనీ యాప్‌లో ఉన్నాయి. వెనక్కి రావు. పైగా పొద్దున పూట రేటు ఎక్కువట."

"దాహం చూసి నీళ్ళకు ధర కట్టే రకం."

డబ్బు కట్టేందుకు ఫోనుకు నంబరు రావడానికి పది నిమిషాలు, యంత్రం మేలుకోవడానికి ఇంకో ఐదు. ఆసుపత్రికి చేరేటప్పటికి తొమ్మిదీ ఇరవై. వెనక గుమ్మం దగ్గర వేరే లాండ్రీ మూటలు దిగుతున్నాయి.

"పేషెంటు బల్ల మీద ఉన్నాడమ్మా. మీ యంత్రం కోసం ఆగమంటారా?" అంది హెడ్ నర్సు. కోపంగా కూడా అనలేదు. అదే ఎక్కువ నొప్పించింది.

తెచ్చిన మూటలతోనే వెనక్కి తిరిగారు. ఇల్లు చేరాలన్నా చార్జింగు చాలదు. మళ్ళీ ఆ స్టేషనే, ఆ జిగటే. గన్ను తగిలించి ఇద్దరూ వ్యానులో కూర్చున్నారు. ఇప్పుడు తొందరేముంది? అత్త చల్లగాలి పెట్టించుకుంది.

కాసేపటికి ఒక టాక్సీ ముసలాయన వచ్చి అద్దం మీద తట్టాడు. "అమ్మా, ఎనభై మూడైంది. బండిలో సవారీ ఉంది, విమానం తప్పిపోతుంది."

అత్త అద్దం నాలుగు వేళ్ళు దించింది. "డబ్బు కట్టాం. నిండేదాకా కదలం."

ఆయన కిందికి చూశాడు. ఆయన చెప్పుల చుట్టూ నేలకు పొద్దుటి గింజల తొక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

"మరక ఆరకముందే ఉతకాలని రోజూ నన్ను సతాయించేది మీరే కదా అత్తయ్యా" అంటూ కోడలు దిగి గన్ను పీకి ఆయన చేతిలో పెట్టింది.

అత్త తల తిప్పుకుంది. అన్న మాట నోట్లో సబ్బునురగలా ఉంది. మింగబోతే దిగలేదు. ఉమ్మేద్దామంటే, ఆ నేలమీద ఇంకొక ఉమ్మికి ఆమెకు మనసొప్పలేదు.

రాసినది: సబ్బుల పెద్దమ్మ అని అందరూ పిలిచే మనిషి. వయసు అరవై నాలుగు. ప్రస్తుతం ఉంటున్నది మూతపడ్డ లాండ్రీ పైగదిలో, కోడలి దగ్గర.