బేరమాడని శెట్టి

ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసి విసిగిపోయిన మల్లేశ్వరి, ఆదోనిలో నర్సు ఉద్యోగం ఉన్నపళంగా మానేసి దుకాణాలు, గోడౌన్లు బాడుగకు కుదిర్చే పనిలోకి దిగింది. దిగాక తెలిసొచ్చింది, ఊళ్లో సగం మంది షావుకార్ల పిర్రలు ఆమె సూదికి పరిచయమేనని. కొందరు ఆమెను చూడగానే సందులోకి దూరేవాళ్లు. మిగతావాళ్లు చెయ్యి చాపి బీపీ చూడమనేవాళ్లు. ఒక్క బేరమూ తెగలేదు. ఉగాదిలోపు ఒక్కటైనా కుదరకపోతే మళ్లీ ఆస్పత్రికే పోతానని మొగుడికి మాటిచ్చి కూర్చుంది.

ఉగాది వారంలోకి వచ్చాక ఒక బేరం తగిలింది. ఎమ్మిగనూరు బట్టల వ్యాపారి మద్దయ్యకు ఆదోనిలో షోరూం పెట్టాలని మోజు. వెంకటకృష్ణయ్య శెట్టి పత్తి గోడౌన్ ఖాళీగా ఉంది. తీరా చూస్తే, ఆ శెట్టికి మొలల ఆపరేషన్ అయినప్పుడు కట్లు కట్టింది మల్లేశ్వరే. ఊళ్లో మాత్రం ఆయన కాశీయాత్ర చేసొచ్చానని చెప్పుకున్నాడు.

ముగ్గురూ గోడౌన్‌లో కలిశారు.

"బాడుగ తగ్గించు శెట్టీ" అన్నాడు మద్దయ్య.

"తగ్గిస్తానప్పా."

"అడ్వాన్సు సగమే ఇస్తా."

"సిస్టరమ్మ యెట్ల సెప్తే అట్ల" అన్నాడు శెట్టి, మల్లేశ్వరి వైపు బిక్కుబిక్కుమంటూ చూస్తూ.

"సున్నం నువ్వే కొట్టించాల."

"కొట్టిస్తా."

మద్దయ్యకు అనుమానమొచ్చింది. ఆదోని శెట్టి బేరమాడకుండా ఒప్పుకున్నాడంటే ఆ గోడౌన్ మీద కోర్టు కేసైనా ఉండాలి, లోపల దయ్యమైనా ఉండాలి. "నాకొద్దు తల్లీ, నేను పోతాండా" అని బండి తాళాలు తీశాడు.

మల్లేశ్వరికి ఒళ్లు మండింది. "ఒక్క నిమిషం అన్నా" అని అతన్ని ఆపి, శెట్టిని రెక్క పట్టుకుని మూలకు లాక్కుపోయింది.

"నేనేమన్నా బెదిరిచ్చినానా నిన్ను? ఎందుకట్ల అన్నిటికీ తలూపుతాండావు?"

"అదే... కాశీ సంగతి..." అని గొణిగాడు శెట్టి.

"యాడ సూసింది ఆడనే ఇడ్సిపెట్టినా. మా ఇంట్లో మొగునికే సెప్పలేదు, ఈయనకు సెప్తానా? నా కడుపు కొట్టాకు. బేరమాడు!"

శెట్టి ప్రాణం కుదుటపడింది. పంచె ఎగ్గట్టి గర్జించాడు. "ఏమప్పా మద్దయ్యా, ఊరికే వచ్చినాదా నాకు గోడౌను? బాడుగ పైసా తగ్గేది లే! అడ్వాన్సు మొత్తం ఈడ పెట్టు! సున్నం నువ్వే కొట్టిచ్చుకో!"

మద్దయ్య ముఖం వెలిగిపోయింది. "ఇది పట్టపగలు దోపిడీ!" అని సంబరంగా అరుస్తూ వెనక్కి వచ్చాడు. ఇద్దరూ గొంతులు పోయేదాకా కొట్లాడుకుని, బాడుగా అడ్వాన్సూ తేల్చుకుని, చివరికి కమీషన్ దగ్గర ఆగారు.

"బ్రోకరమ్మ నీ మనిషి, కమీషన్ నువ్వే ఇచ్చుకో" అన్నాడు శెట్టి.

"నీ మనిషే!" అన్నాడు మద్దయ్య.

మల్లేశ్వరి సంతోషం పట్టలేకపోయింది. కొంగు నడుముకు దోపి, "ఇద్దరూ ఇయ్యాల్సిందే!" అని వాళ్లకంటే గట్టిగా అరిచింది.