బుద్రి పోడులో రెండో నీడ

పొద్దు నడినెత్తికి రాకముందే ఆ కొండ మీద ఆడవాళ్లంతా వంటకి ఇళ్లకి దిగిపోయేవారు. నీడల్ని మాత్రం పోడులోనే వదిలేసి పోయేవారు. వీళ్లు కింద అంబలి కాసి, పిల్లలకి పోసి, నీళ్లు మోసి తిరిగొచ్చేలోగా నీడలు అక్కడ వంగి కలుపు తీసేవి. లేకపోతే అంత పని ఎలా తెములుతుంది? అరకు కొండల్లో అంతా అంతే. మగాళ్ల నీడలు మాత్రం మగాళ్లతోనే తిరిగేవి, వాళ్లు చతికిలబడితే అవీ చతికిలబడేవి.

అందుకని గొడవ నీడల గురించి కాదు. బుద్రి మొగుడి పోడులో రెండు నీడలు కనబడుతున్నాయని.

బుద్రి మొగుడు మంగ్లు, తెల్లదొరల ఘాటు రోడ్డు పనికి పోయి, జొరంతో అక్కడే పోయాడు. మొగుడు పోయిన ఆడది ఇంకో మగాణ్ణి చేరదీస్తే మొగుడి పోడు మరిదికి పోవాలని ఊరి కట్టుబాటు. మరిది సుక్రుకి ఆ పోడు మీద ఎప్పట్నుంచో కన్ను. వాగుకి ఇవతల కూచుని రోజూ అటే చూసేవాడు.

"రెండోదాని వీపు లావు. మగాడిదే. మనిషి పొదలో నక్కాడు, నీడ దాగలేదు" అన్నాడు జీలుగుకల్లు తాగుతూ.

ఇంకేముంది, ఊరంతా చెవులు కొరుక్కుంది. సంతకొచ్చే ఉప్పు బేరగాడా? ఫారెస్టు గార్డా? బుద్రి వాగుకొస్తే మాటలు ఆగిపోయేవి. ఆ నీడ ఎవరిదే అంటే ఆమె నోరు విప్పేది కాదు. దాంతో అనుమానం మరీ ముదిరింది.

చివరికి ఊరిపెద్ద అప్పన్న అందర్నీ వెంటేసుకుని కొండెక్కాడు. చంటిదాన్ని వీపుకి కట్టుకుని సుక్రు పెళ్లాం గురుబారి కూడా వచ్చింది. బుద్రీ వాళ్ల వెనకే ఎక్కింది. పోడు పోతే ఆమెకి తిండి లేదు, ఊళ్లో చోటూ లేదు.

చోడి చేలో రెండు నీడలూ పక్కపక్కనే కలుపు తీస్తున్నాయి.

"అదిగో! బేగి పట్టండి!" అంటూ సుక్రు ఉరికాడు. పొదలన్నీ కెలికాడు. ఎవడూ లేడు.

అప్పన్న రెండో నీడ దగ్గర గొంతుక్కూచున్నాడు. దాని వీపు మీంచి బుల్లి చెయ్యొకటి పైకి లేచి ఆడింది. అందరూ గురుబారి వైపు తిరిగారు. ఆమె వీపు మీద చంటిది చెయ్యి ఆడిస్తోంది.

"ఇదేటే! నీ నీడకి ఇక్కడేటి పని?" అరిచాడు సుక్రు.

"నిరుడు నేను పురిట్లో ఉంటే మన పోడంతా బుద్రి అక్క నీడే తవ్వింది. ఆ సోడిలే నువ్వు తిన్నావు. అదంతా నీ కట్టమేనని సంతంతా సెప్పుకున్నావు. రోజూ ఈ పోడుకేసి సూసినోడివి, మన పోడుకేసి ఒక్కపాలైనా సూసావేటి?"

సుక్రు తిరిగి చూశాడు. వాగుకి అవతల తన పోడు గడ్డితో నిండిపోయి ఉంది.

అప్పన్నకి నవ్వొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది.

"మంగ్లు పోడు, మంగ్లు పోడంటన్నాం. మంగ్లు రోడ్డు పనిలోనే పోనాడు. తవ్విందెవులు, ఇత్తిందెవులు? ఇది బుద్రి పోడు. మరిదికీ పోదు, ఇంకెవుడికీ పోదు."

బుద్రి చేలోనే కూలబడి భోరున ఏడ్చింది. అంతవరకూ ఆ కొండ మీద ఆడమనిషి పేరున పోడన్నది లేదు.

 దిగేటప్పుడు మగాళ్లలో ఒక్కొక్కడూ ఆగి, తన పోడుకేసి అనుమానంగా చూసుకున్నాడు. ఏ పోడులోనూ మగాడి నీడ లేదు.