మార్షల్ కూర్చున్న చోటు

గౌస్ మొహియుద్దీన్ గుండె ఆపరేషన్‌కు పంజాగుట్టలో ఆసుపత్రిలో చేరుతూ తన కుక్క మార్షల్‌ను మా ఇంట్లో వదిలి వెళ్లాడు. అమీర్‌పేటలో మావి ఎదురెదురు ఫ్లాట్లు. ఆయన పోలీసుల డాగ్ స్క్వాడ్‌లో హెడ్ కానిస్టేబుల్‌గా చేశాడు. మార్షల్ కూడా అక్కడే బాంబులు వెతికే ఉద్యోగం చేసిన లాబ్రడార్. ఇద్దరూ ఒకే ఏడాది రిటైరయ్యారు.

"పది దినాలె అమ్మా. ఫికర్ చెయ్యకుండ్రి. మనకంటె ఆడికే డిసిప్లిన్ ఎక్కువ," అన్నాడు గౌస్. ఏ పూట ఏం పెట్టాలో రాసిన కాగితం నా చేతికిచ్చి, కుక్క వైపు చూడకుండానే లిఫ్టు ఎక్కేశాడు.

ఫికర్ చెయ్యొద్దంటే నాకు చేతనవుతుందా? లక్డీకాపూల్‌లో చిన్న పనుంది, గంటలో వస్తానని వెళ్లిన మా ఆయన మళ్లీ గుమ్మం తొక్కలేదు. బస్సులోనే పోయాడు. అప్పటినుంచి ఎవరు చెప్పులు వేసుకుంటున్నా నా గుండె దడదడలాడుతుంది. మా అమ్మాయి మంజూష ఆఫీసుకు చేరగానే ఫోన్ చేయాలి. చేయకపోతే నేనే చేస్తాను, ఆమె మీటింగులో ఉన్నా సరే.

మార్షల్ ఆ రోజు ఏమీ తినలేదు. మర్నాడూ అంతే. నీళ్లు మాత్రం తాగాడు. కాగితంలో రాసినట్టే పొద్దున పెరుగన్నం, సాయంత్రం కోడిమాంసం కలిపిన అన్నం పెట్టాం. "వచ్చేస్తాడురా నాన్నా మీ సారు," అని బతిమాలుతూ ముద్ద మూతి దగ్గర పట్టుకున్నాను. ఎంతో మర్యాదగా తల పక్కకు తిప్పుకున్నాడు.

ఒక పని మాత్రం వింతగా చేసేవాడు. పొద్దున లేవగానే ఇల్లంతా వాసన చూసుకుంటూ తిరిగి, చివరికి దేవుడి అల్మరా ముందు కూర్చునేవాడు. మొరగడు, మూలగడు. అల్మరాను చూస్తాడు, నన్ను చూస్తాడు, మళ్లీ అల్మరాను చూస్తాడు. నేను దీపం పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయినా అక్కడినుంచి కదలడు.

"వాళ్ల సారు కోసం మొక్కుకుంటున్నాడే," అన్నాను మంజూషతో.

"గౌస్ భాయ్ కుక్క మన దేవుళ్లకెందుకు మొక్కుతుందమ్మా?"

"ఎవరైతేనేం? దగ్గర్లో ఉన్నవాళ్లను అడుగుతాడు."

మూడో రోజు వాడి నుదుట బొట్టు కూడా పెట్టాను. గౌస్ భార్య మసూదాకు ఫోన్‌లో ఈ సంగతి చెబితే ఏడ్చేసింది. "తింటలేడని ఆయనకు మాత్రం చెప్పకుండ్రి అమ్మా. నిన్ననే ఆపరేషన్ అయింది. తెలిస్తే సెలైన్ గుంజి పారేసి ఉరికొస్తడు," అంది.

నాలుగో రోజు పశువుల డాక్టరు చూసి, రోగమేమీ లేదన్నాడు. "బెంగ పెట్టుకున్నాడమ్మా. తొమ్మిదేళ్లవాడు, ఎన్నాళ్లు తట్టుకుంటాడు? రెండు రోజుల్లో తినకపోతే ప్రాణం మీదికి వస్తుంది."

నేను బడికెళ్లింది రెండేళ్లే. పొట్లాల కాగితాలు చదువుకుంటూ చదువు నేర్చుకున్నాను. దిక్కు తోచనప్పుడు పుస్తకంలో వెతుక్కోవడం నా అలవాటు. కోచింగ్ సెంటర్ల సందులో పాత పుస్తకాల బండి ఉంది. యుద్ధాల గురించిన ఒక లావుపాటి పుస్తకంలో కుక్కల మీద కొన్ని పేజీలు కనిపిస్తే కొనుక్కొచ్చి ఆ మధ్యాహ్నమే మొదలుపెట్టాను.

మొదటి ప్రపంచ యుద్ధంలో కుక్కలు ఉత్తరాలు మోశాయట. గుళ్లు కురుస్తుంటే కందకాల మధ్య టెలిఫోను తీగలు లాగాయట. గాయపడి పడిపోయిన సైనికులను చీకట్లో వెతికే కుక్కలు కూడా ఉండేవట. మనిషి దొరికితే అవి మొరగకూడదు, మొరిగితే శత్రువుకు వినిపిస్తుంది. అందుకని ఆ మనిషి టోపీ నోట కరుచుకుని వెనక్కి వచ్చేవట. ఆ టోపీయే కబురు.

అక్కడ ఆగిపోయాను. మార్షల్ కూడా మొరగడు. మరి వాడికి బాంబు దొరికితే ఆ కబురు ఎలా చెప్పేవాడు?

పుస్తకంలో వేలు పెట్టుకునే కిందికి దిగి వాచ్‌మన్ బుచ్చయ్యను అడిగాను.

"బాంబులేందమ్మా, గిప్పుడు?" అని ఉలిక్కిపడ్డాడు. తర్వాత చెప్పాడు. "సప్పుడు చెయ్యక కూసుంటడు. మొరిగినా గీకినా పేలుతదంట. సారు రోజు పొద్దుగాల మిద్దె మీద ఏదో దాస్తుండె. గాడు ఎతికి దాని ముంగట కూసుంటుండె. సారు షాబాష్ అని బంతి ఇస్తుండె. గా తర్వాతనే బువ్వ. డ్యూటీ కానిదే బువ్వ ముట్టడు గాడు."

"నాలుగు రోజులుగా ఈ మాట చెప్పవేం?"

"నువ్వడిగితివా? దేవునికి మొక్కుతుండంటివి. నేను సుత దండం పెట్టిన."

పరుగులాంటి నడకతో పైకి వచ్చాను. మార్షల్ అల్మరా ముందే ఉన్నాడు. కింది సొరుగు లాగాను. వత్తులు, కర్పూరం, అగరొత్తులు. వాటి వెనక, కార్తీక పౌర్ణమికని దాచి నేనే మరిచిపోయిన కిందటి దీపావళి టపాకాయల డబ్బా.

దాని మీద రోజూ దీపం పెడుతున్నాను. ఇక్కడుంది, ఇక్కడుంది అని వాడు నాలుగు రోజులుగా చెబుతుంటే బొట్టు పెట్టి ఊరుకున్నాను.

టపాకాయలను బుచ్చయ్య బకెట్ నీళ్లలో ముంచేశాడు. మిద్దె మీద ట్యాంకు కింద గౌస్ పెట్టే బంతి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"షాబాష్, మార్షల్," అన్నాను. బంతి విసిరితే తిన్నగా మంచం కిందికి పోయింది. వాడు సగం దూరి, వెనక సగం బయట ఇరుక్కుని, తోకతో నేలను టపటపా బాదాడు. బంతి నోట కరుచుకుని ఇల్లంతా రెండు చుట్లు తిరిగాడు. తర్వాత గిన్నె దగ్గర దాన్ని వదిలి, తల వంచి తినడం మొదలుపెట్టాడు. మధ్యలో ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. నేను నేల మీద కూలబడి, గిన్నె ఖాళీ అయ్యేదాకా చూస్తూ కూర్చున్నాను.

మసూదాకు ఫోన్ చేశాను. ఈసారి ఆమె ఫోన్ గౌస్ చెవి దగ్గర పెట్టింది. జరిగిందంతా చెప్పేసరికి "నవ్విపియ్యకుండ్రి అమ్మా, కుట్లు గుంజుతున్నయ్," అన్నాడు. "కాగితం మీద బువ్వ రాసిన గని డ్యూటీ రాయనే లేదు. నాదే గల్తి."

"రేపు ఏం దాచను గౌస్? టపాకాయలన్నీ తడిపేశాం."

"ఖాళీ డబ్బా సాలు, వాసన పోదు. గని రోజు జాగ మార్చుండ్రి. ఒక్క జాగలనే పెడితె ఆడికి బేఇజ్జత్."

మర్నాడు మార్షల్‌ను బాత్రూంలో ఉంచి గడియ పెట్టి, డబ్బాలోంచి చిన్న అట్టముక్క చింపి బియ్యం డ్రమ్ము వెనక దూర్చాను. పక్కన ఇంగువ డబ్బా కూడా పెట్టాను, వాసన కలిసిపోతుందని. గడియ తీశాను. హాలు, బాల్కనీ, వంటిల్లు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. డ్రమ్ము ముందు కూర్చుని నా వైపు చూశాడు.

ఇంగువ వాసనలోంచి అట్టముక్క వాసనను ఎలా విడదీశాడు? వాడు తింటుంటే, నేను ఇల్లంతా కొత్తగా చూస్తూ రేపటి చోటు వెతకడం మొదలుపెట్టాను.